వెర్సాయ్ ప్యాలెస్ పాలనకు పనిముట్టుగా ఎలా పనిచేసింది?

గడపదాటు:

పద్నాలుగో లూయీ గురించి ఏది చదివినా ఒకటే మాట. వెర్సాయ్ (స్కూలు పుస్తకాల్లో వర్సెయిల్స్ అని చదువుకున్నదే) కట్టి, ఫ్రాన్సు ప్రభువులందరినీ అక్కడికి రప్పించి, పంజరంలో చిలకల్ని చేసేశాడని. ఎలా చేశాడో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. వైభవం చూసి కళ్లు చెదిరాయి అంటారు. చెదిరితే రెండు రోజులు చెదురుతాయి, ముప్ఫై ఏళ్లు చెదరవు కదా.

సొంత భూములు, సొంత కోట, తాతల నాటి పేరు ఉన్న ఒక డ్యూక్ పొద్దున్నే లేచివచ్చి రాజుగారికి చొక్కా అందించడానికి ఎందుకు పోటీపడతాడు? గదుల అమరికకీ అధికారానికీ నిజంగా సంబంధం ఉందా, లేక అది గైడ్లు చెప్పే కబురేనా? ఇంత బాగా పనిచేసే యంత్రమే అయితే ఫ్రెంచి విప్లవం వచ్చిన 1789లో ఎందుకు మొరాయించింది? తెలిసినవాళ్లు కాస్త లోతుగా చెప్పగలరా?

తాళంగుత్తి:

చొక్కా దగ్గరే మొదలుపెడదాం. అందరూ నవ్వేది దానికే, అసలు కిటుకు ఉన్నదీ అక్కడే.

రాజు నిద్రలేచే తతంగాన్ని "లెవే" అంటారు. పడకగదిలోనే పడుకునే మొదటి పరిచారకుడు ఉదయం ఎనిమిది ప్రాంతంలో రాజును లేపుతాడు. ముందు వైద్యుడు, శస్త్రవైద్యుడు వస్తారు. ఆ తర్వాత జనాన్ని అంచెలంచెలుగా వదులుతారు. ఈ అంచెలకు "ఆంత్రే" అని పేరు, అంటే ప్రవేశ హక్కు. మొదటి అంచెలో కొద్దిమంది పెద్ద ఉద్యోగులు, రెండో అంచెలో ఇంకొందరు, చివరికి గది నిండా సుమారు వందమంది. రాజు చొక్కా వేసుకునేసరికి గదిలో ఉన్నవాళ్లలో అందరికంటే పెద్ద హోదా ఎవరిదైతే, అందించే హక్కు వాళ్లది. యువరాజు ఉంటే ఆయనది, లేకపోతే రాజవంశీకుడిది, ఆయనా లేకపోతే పడకగది కొలువుకు పెద్ద అయిన గ్రాండ్ ఛాంబర్లిన్‌ది. కుడి చేతిని ఒకరు పట్టుకోవాలి, ఎడమ చేతిని ఇంకొకరు. ఎవరు ఏ చేతిని పట్టుకోవాలో కూడా ముందే ఖరారు.

ఇక్కడ చొక్కా ముఖ్యం కాదు, అంచె ముఖ్యం. మొదటి అంచెలో వచ్చినవాడికి రాజుతో గుంపు లేని పది నిమిషాలు దొరుకుతాయి. కొడుక్కి రెజిమెంటు, తమ్ముడికి బిషప్ పదవి, అల్లుడికి గవర్నరు ఉద్యోగం అడగాలంటే ఆ పది నిమిషాలే అదను. చివరి అంచెలో వచ్చినవాడు వందమందిలో ఒకడు. వాడి అవకాశం తర్వాత వస్తుంది. రాజు పది గంటలకు అద్దాల హాలు మీదుగా ప్రార్థనకు వెళ్తాడు. దారిలో నిలబడి ఒక ముక్క చెవిన వేయొచ్చు, చీటీ అందించొచ్చు. దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు "చూస్తాను". ఆ చూస్తాను కోసం అదే చోట నెలల తరబడి నిలబడేవాళ్లు ఉండేవారు. ప్రార్థన అయ్యాక పదకొండు గంటలకు మంత్రిమండలి. అంటే పొద్దున చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికి కాగితం మీదికి ఎక్కొచ్చు.

మీ డ్యూక్ తెల్లారకముందే లేచేది అందుకు. ఆయన ఊళ్లోనే కూర్చుంటే రాజు చేసేదేమీ లేదు, జైల్లోనూ పెట్టడు. పేరు ఎవరైనా ఎత్తినప్పుడు, ఆ మనిషి నాకు కనిపించడే అని ఊరుకుంటాడు. అంతటితో ఆ కుటుంబం అర్జీ అటకెక్కినట్టే.

తలుపుల సంగతి కూడా చెప్పాలి. రాజు గది తలుపు కొట్టకూడదు, గోటితో గీకాలి. తలుపు తెరిచే హక్కు ద్వారపాలకుడిది, వచ్చినవాడు ఎంతవాడైనా సొంతంగా తోయకూడదు. కొందరికి ఒక రెక్కే తెరుస్తారు, కొందరికి రెండు రెక్కలూ తెరుస్తారు. పడక చుట్టూ కటకటాలు ఉంటాయి, హక్కు లేనివాడు వాటిని దాటరాదు. పడక ఖాళీగా ఉన్నా దాని ముందు నుంచి వెళ్లేవాళ్లు తల వంచి వెళ్లాలి.

రాత్రి పడుకునే తతంగంలో ఇంకో చిన్న పని ఉంది. బట్టలు విప్పుకునేటప్పుడు వెలుగు కోసం కొవ్వొత్తి సెమ్మె పట్టుకోవాలి. గదిలో దీపాలకేం లోటు లేదు. అయినా రాజు చుట్టూ చూసి ఒక పేరు చెబుతాడు, ఆ రాత్రికి సెమ్మె వాడిది. 1702లో డ్యూక్ ద సెయింట్-సిమోన్ తనకు పదోన్నతి రాలేదని సైన్యానికి రాజీనామా ఇచ్చాడు. రాజుకు ఒళ్లు మండింది. కానీ అదే సాయంత్రం సెమ్మె ఆయనకే ఇప్పించాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయనతో ముభావంగానే ఉన్నాడు. సెమ్మె ఇవ్వడానికి దమ్మిడీ ఖర్చు లేదు, ఎప్పుడంటే అప్పుడు ఇవ్వడం మానొచ్చు. బంగారు పతకానికి ఆ సౌలభ్యం లేదు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు.

చిట్టాపుస్తకం:

తాళంగుత్తి గారు చెప్పిన వివరాలతో పేచీ లేదు. కానీ పంజరం అనే మాటతో నాకు పేచీ ఉంది. తేదీలు చూడండి. ప్రభువులు, పారిస్ న్యాయస్థానాలు కలిసి తిరగబడ్డ ఫ్రోండ్ 1648 నుంచి 1653 వరకు. లూయీ సొంతంగా పాలన చేపట్టింది 1661లో, అప్పటిదాకా పాలన నడిపిన ముఖ్యమంత్రి మజారిన్ పోయాక. దర్బారు వెర్సాయ్‌కి శాశ్వతంగా మారింది 1682 మే 6న. అంటే తిరుగుబాటు అణిగి దాదాపు ముప్ఫై ఏళ్లయ్యాక. వెర్సాయ్ ప్రభువులను లొంగదీసిందంటే, పెళ్లయిన ముప్ఫై ఏళ్లకు పెళ్లిచూపులు జరిగాయన్నట్టు ఉంటుంది.

పైగా కులీన కుటుంబాల్లో ఎక్కువ భాగం వెర్సాయ్ గడప ఎన్నడూ తొక్కలేదు. వచ్చినవాళ్లలో చాలామందివి వంతు ఉద్యోగాలు. రాజు ఇంటి కొలువుల్లో మూడేసి నెలల వంతులు ఉండేవి. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో మనుషులు మారేవారు. వంతు అయిపోతే సొంతూరుకో రెజిమెంటుకో వెళ్లిపోయేవారు. పడకగది మొదటి పరిచారకులు నలుగురు ఉండేది అందుకే, ఒక్కొక్కరికి మూడు నెలలు. వాళ్లకంటే పై మెట్టు అయిన ఫస్ట్ జెంటిల్‌మెన్ నలుగురికి మాత్రం ఏడాది వంతు.

మరి పట్టు ఎక్కడుంది? డబ్బులో ఉంది. ఈ కొలువులు ఊరికే ఇచ్చేవి కావు, కొనుక్కోవాలి. ఒక పెద్ద కొలువంటే కుటుంబం మొత్తం ఆస్తిలో పెద్ద ముక్క. కొన్నాక అది మీదేనా అంటే, పూర్తిగా కాదు. రాజు ఒప్పుకోనిదే అమ్మలేరు, కొడుక్కి రాయలేరు. ఉన్నవాడు చనిపోతే పెట్టిన సొమ్ము గంగలో కలిసినట్టే. ఈ భయానికి మందు కూడా రాజు దగ్గరే ఉంది, రెండు రకాల కాగితాలుగా. "సుర్వివాన్స్" అనేది కొడుక్కి వారసత్వ హామీ. "బ్రెవే ద రెతన్యూ" అనేది, తర్వాత ఆ కొలువులోకి వచ్చేవాడు పాతవాడి కుటుంబానికి ఇంత సొమ్ము కట్టాలని ముందే రాసిచ్చే పత్రం. ఈ రెండో కాగితం చూపిస్తే అప్పు పుట్టేది, అప్పులవాళ్లు దాన్ని తాకట్టుగా ఒప్పుకునేవారు. అందుకే ఒక డ్యూక్ అప్పులు, కూతురి కట్నం, కొడుకు భవిష్యత్తు అన్నీ రాజు సంతకం ఉన్న ఒక్క కాగితం మీద వేలాడేవి. సెమ్మె కంటే ఇది గట్టి తాడు అని నా అభిప్రాయం.

దీనికి తోడు 1516 బొలోన్యా ఒప్పందం ప్రకారం ఫ్రాన్సులో బిషప్పుల పేర్లు ప్రతిపాదించేది రాజే. రెండో కొడుకును చర్చిలో స్థిరపరచాలన్నా ఆ గుమ్మమే తొక్కాలి.

ఇంకొకటి. పేరున్న ప్రభువులకు రాజు కొలువులిచ్చాడు గానీ, మంత్రిమండలి మాత్రం ఇవ్వలేదు. 1661 నుంచే అత్యున్నత మండలిలోకి సొంత తల్లిని, తమ్ముణ్ణి, రాజవంశీకులను కూడా రానివ్వలేదు. ఖజానా చూసిన మంత్రి కోల్బెర్ రీమ్స్‌కి చెందిన వ్యాపార కుటుంబంవాడు. ఫ్రోండ్‌లో రాజు మీద కత్తి దూసిన రాజవంశీకుడు కొందే వంశానికి దక్కింది రాజు ఇంటి గ్రాండ్ మాస్టర్ పదవి. భోజనాల పర్యవేక్షణ దాంట్లో భాగం. గౌరవం ఆకాశమంత, పాలనలో వాటా సున్నా. జిల్లాల్లో పన్ను, న్యాయం, పోలీసు చూసింది ఇంతెందాంట్లు అనే రాజోద్యోగులు. అక్కడ కూడా బెదిరింపులతో మాత్రమే పని జరగలేదు. లాంగ్‌డాక్ లాంటి చోట్ల వసూలైన పన్నులో స్థానిక పెద్దలకూ వాటా అందేది, వాళ్లు గట్టిగా ఎదురుతిరగకపోవడానికి అదొక కారణం.

నీటిచక్రం:

గదుల అమరికకీ అధికారానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు నేను చెబుతాను. ఉంది, కానీ గైడ్లు చూపించే చోట కాదు.

బయటి నుంచి రండి. మూడు రహదార్లు ప్యాలెస్ ముందు ఒక్క చోట కలుస్తాయి. లోపలికి వెళ్తున్నకొద్దీ ఆవరణలు ఇరుకవుతాయి. మొదటి ఆవరణకు రెండు వైపులా మంత్రుల రెక్కలు. రాజ్య కార్యదర్శులు, వాళ్ల గుమస్తాలు పనిచేసేది అందులోనే. నా లెక్కలో ప్యాలెస్‌లోకెల్లా శక్తిమంతమైన భాగం అదే, కానీ ఫోటో ఎవరూ తీయరు. యుద్ధం, విదేశాంగం, ఖజానా చూసేవాళ్లు రాజు గదికి కొన్ని నిమిషాల నడక దూరంలో ఉండటం ఆ రోజుల్లో చాలా పెద్ద వెసులుబాటు. దాని తర్వాతి ఆవరణలోకి బండితో వెళ్లే హక్కు కొందరికే, దానికి "లూవ్ర్ గౌరవాలు" అని పేరు. మిగతావాళ్లు దిగి నడవాలి, లేదా అద్దె పల్లకీ కుర్చీ ఎక్కాలి.

విచిత్రమేమిటంటే, సామాన్యుడికి తలుపులు మూసెయ్యలేదు. శుభ్రమైన బట్టలు, నడుముకు కత్తి ఉంటే మగవాడెవడైనా లోపలికి వెళ్లొచ్చు. కత్తి లేకపోతే గేటు దగ్గర అద్దెకు దొరికేది. రాజు భోంచేస్తుంటే చూడొచ్చు. చూసేవాళ్లు లేకపోతే ఈ తతంగానికి విలువ ఎక్కడిది?

విదేశీ దూతల దారి వేరు. వాళ్ల కోసం రాయబారుల మెట్లు అని పాలరాతి మెట్లదారి కట్టారు (1752లో కూల్చేశారు, పాపం). పైకి ఎక్కాక వీనస్, డయానా, మార్స్, మెర్క్యురీ, అపోలో అని గ్రహాల పేర్లున్న గదులు వరసగా వస్తాయి. సింహాసనం మామూలుగా చివర్లో అపోలో గదిలో ఉండేది. పెద్ద సందర్భమైతే అద్దాల హాలు ఆ చివరకు మార్చేవారు. హాలు పొడవు 73 మీటర్లు, 17 కిటికీలు, వాటికి ఎదురుగా 17 తోరణాల్లో 357 అద్దాలు. అప్పటికి పెద్ద అద్దాలంటే వెనిస్ గుత్తసొత్తు. 1665లో కోల్బెర్ సొంత కర్మాగారం పెట్టించి, వెనిస్ పనివాళ్లను లాక్కొచ్చి చేయించాడు. ఆ గోడ వెనిస్ దూతకు చెప్పే సంగతి వేరే ఎవరూ అనువదించక్కర్లేదు.

అసలు ప్రయోగం 1685 మే 15న జరిగింది. అంతకు ముందటి ఏడాది ఫ్రెంచి నౌకాదళం ఇటలీలోని జెనోవా నగరం మీద బాంబులు కురిపించింది. సంధిలో ఒక షరతు పెట్టారు, పాలకుడైన డోజ్ స్వయంగా వెర్సాయ్‌కి వచ్చి క్షమాపణ చెప్పాలని. డోజ్ నగరం దాటి వెళ్లకూడదన్నది జెనోవా చట్టం. అయినా నలుగురు సెనేటర్లతో రావాల్సివచ్చింది. మెట్లు ఎక్కి, గదులన్నీ దాటి, కిక్కిరిసిన హాలు పొడవునా జనం మధ్య నడిచి, వెండి సింహాసనం దాకా వెళ్లాలి. క్షమాపణ మాటలు కొన్ని నిమిషాలే, నడక ఇంకా ఎక్కువ. శిక్ష నడకలో ఉంది. ఇక్కడ ఏది మీకు అన్నిటికంటే వింతగా అనిపించిందని ఎవరో అడిగితే, నేనిక్కడ ఉండటమే అన్నాడట.

అయితే ఈ యంత్రానికి లోపాలూ ఉన్నాయి. వెండి సామాను సంగతి తీసుకోండి. ఆ హాల్లోని వెండి బల్లలు, తొట్లు, దీపస్తంభాలు సుమారు 20 టన్నులు. 1689లో యుద్ధ ఖర్చుకు కరిగించి నాణేలు కొట్టించారు. చేయించడానికైన ఖర్చులో కొద్ది భాగమే తిరిగొచ్చింది, పనితనం ఆవిరైపోయింది.

నీళ్లు ఇంకా పెద్ద తలనొప్పి. స్థలం ఎత్తులో ఉంది, దగ్గర్లో పెద్ద నది లేదు. సేన్ నది మీద మార్లీ యంత్రం కట్టారు, 1684 నుంచి పనిచేసింది. సుమారు 12 మీటర్ల వ్యాసంతో 14 చక్రాలు, 200కు పైగా పంపులు. నీటిని మూడు అంచెల్లో 150 మీటర్లకు పైగా ఎత్తాలి. నది ఒడ్డునున్న చక్రాల తిప్పుడును పొడవాటి కడ్డీల ద్వారా గుట్ట మీది పంపులకు చేర్చేవారు. బలంలో చాలా భాగం ఆ కడ్డీల రాపిడికే పోయేది. మరమ్మతులకు అంతుండేది కాదు, చప్పుడు చుట్టుపక్కల వాళ్లకు నరకం. ఇంత చేసినా అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి ఆడవు. అందుకని రాజు తోటలో నడుస్తుంటే పనివాళ్లు ఈలలతో కబురు అందించుకునేవారు. ఆయన దగ్గరికి రాగానే ఫౌంటెన్ విప్పేవారు, మలుపు తిరగ్గానే కట్టేసేవారు. రాజుకు మాత్రం తోటంతా ఎప్పుడూ నీళ్లతో ఆడుతున్నట్టే ఉండేది.

అతిథులకు ఈ గుట్టు తెలియకూడదు. తోటను ఎలా చూపించాలో, ఎక్కడ ఆగాలో, ఎటు తిరిగి ఏం చూడాలో రాజు స్వయంగా రాసిపెట్టాడు (మొదటి ప్రతి 1689). అందరూ అదే దారిలో నడవడంలో నీళ్ల ఆదా కూడా ఉంది. ఊర్ నది నుంచి సుమారు 80 కిలోమీటర్ల కాలువ తవ్విద్దామని 1685లో వేల మంది సైనికుల్ని దించారు. జ్వరాలకు చాలామంది పోయారు. 1688లో యుద్ధం రావడంతో పని ఆగింది, మళ్లీ మొదలవలేదు. మాంతెనాన్‌లో ఆ వంతెన మొండి తోరణాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

గడపదాటు:

అందరికీ ధన్యవాదాలు. చిట్టాపుస్తకం గారు, కొలువుల కాగితాల సంగతి నాకు పూర్తిగా కొత్త. ఇంకో సందేహం: అంతమంది ఉండేది ఎక్కడ? డ్యూక్‌లకు ప్యాలెస్‌లోనే ఇళ్లు ఇచ్చేవారా? పీటల మీద కూర్చోవడం గురించి కూడా ఏదో గొడవ ఉండేదని విన్నాను.

తాళంగుత్తి:

ఇళ్లు అంటే మీరు ఊహించేవి కావు. పెద్ద పేరున్నవాళ్లకు కూడా చాలాసార్లు రెండు మూడు చీకటి గదులే దక్కేవి. వంటిల్లు ఉండదు, పొయ్యిగొట్టం సరిగ్గా లాగదు, గది నిండా పొగ. నడవాల్లో కుంపట్లు పెట్టి వండుకునేవారు. పారిస్‌లో సొంత భవంతి ఖాళీగా ఉంచి ఇక్కడ పొగలో పడుకునేవారు, ఎందుకంటే గది ఇచ్చేది రాజు. దాని మీద ఏ హక్కూ రాదు, ఇష్టం లేకపోతే ఖాళీ చేయిస్తాడు. ఒక గది ఖాళీ అవుతుందని వినపడగానే అర్జీల వాన కురిసేది.

ప్రయాణాల్లో ఇంకా సూక్ష్మం. దర్బారు వేరే చోటికి వెళ్లినప్పుడు బస ఏర్పాటు చేసేవాళ్లు ముందుగా వెళ్లి తలుపుల మీద సుద్దముక్కతో పేర్లు రాసేవారు. మామూలువాళ్లకు ఒట్టి పేరు. రాజవంశీకుల్లాంటి కొద్దిమందికి పేరు ముందు "పూర్" అని, అంటే "కోసం" అని చేర్చేవారు. ఆ "పూర్" వల్ల గది అంగుళం కూడా పెరగదు. అయినా దాని కోసం రాయబారాలు నడిచాయి.

పీట గొడవ నిజమే. రాణి సమక్షంలో కూర్చునే హక్కు ఆడవాళ్లలో డచెస్‌లకూ అంతకు పైవాళ్లకూ మాత్రమే, అదీ వీపు ఆనించే చెక్క లేని పీట మీద. వీపున్న కుర్చీ ఇంకో మెట్టు, చేతులున్న కుర్చీ ఆ పైమెట్టు. మిగతావాళ్లు నిలబడాల్సిందే. రోజుకు అయిదారు గంటలు నిలబడి చూస్తే ఆ పీట విలువ తెలుస్తుంది.

వెర్సాయ్‌కి దగ్గర్లో రాజు కట్టించుకున్న విడిది భవనం మార్లీలో కూడా ఇదే పద్ధతి. అతిథులకు పన్నెండు చిన్న మంటపాలే కట్టించాడు. తక్కువ కట్టడం పొరపాటు కాదు. వెళ్లాలనుకున్నవాళ్లు రాజు నడిచే దారిలో "ప్రభూ, మార్లీ?" అని అడిగి నిలబడేవారు.

ఖాళీసింహాసనం:

1789 గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

ఈ యంత్రాన్ని తిప్పే మోటారు రాజే. రోజూ, జనం ముందు, గడియారం తప్పకుండా. పద్నాలుగో లూయీ 1715 సెప్టెంబర్ 1న అక్కడే పోయేదాకా అలాగే తిప్పాడు. వారసుడు ఐదేళ్ల పిల్లవాడు. పిల్లరాజు తరఫున పాలించిన రీజెంట్ దర్బారును పారిస్‌కి తీసుకెళ్లాడు, 1722లో గానీ తిరిగి రాలేదు. పదిహేనో లూయీకి జనం అంటే బెరుకు. 1738లో వేరే పడకగది చేయించుకుని అక్కడే పడుకునేవాడు. పొద్దున్నే లేచి, ఒక్కోసారి తన పొయ్యి తానే రాజేసుకుని, తర్వాత పెద్ద పడకగదికి నడిచి వచ్చి, అక్కడే ఇప్పుడే లేచినట్టు లెవే జరిపించుకునేవాడు. వందమందికీ ఆ సంగతి తెలుసు.

అప్పుడేమైంది? అసలు సంభాషణ లోపలి చిన్న గదుల్లోకి వెళ్లిపోయింది. లెవేలో నిలబడ్డవాడికి రాజు కనబడతాడు గానీ పని జరగదు. నిలబడటానికి ఖర్చు మాత్రం తగ్గలేదు. తర్వాతి రాజు పదహారో లూయీ భార్య మరీ ఆంత్వానెత్, 1774లో తోటలోని చిన్న ట్రియానాన్ భవనం చేతికొచ్చాక పిలిచినవాళ్లనే రానిచ్చింది. పాత వంశాలవాళ్లను గుమ్మం దగ్గరే ఆపి తన స్నేహితురాలి పోలిన్యాక్ కుటుంబాన్ని నెత్తిన పెట్టుకుంది. ఎన్నో పెద్ద కుటుంబాలు రావడం తగ్గించి పారిస్‌లోనే ఉండిపోయాయి, రాణి మీద వెటకారాలు కొన్ని ఆ ఇళ్లలోనే పుట్టాయి. 1760లో ఇంకో పని చేశారు. దర్బారులో రాజుకు లాంఛనంగా పరిచయం కావాలంటే 1400 నాటి నుంచీ కులీనత నిరూపించే పత్రాలు చూపాలన్నారు. రాజు దయ కంటే పాత కాగితానికి విలువ పెరగడం, పద్నాలుగో లూయీ పద్ధతికి తలకిందులు. ఆయన ఇచ్చిందీ తీసుకుందీ తన ఇష్టం మీదే. పైగా డబ్బున్న కొత్తవాళ్లు బయటే మిగిలిపోయారు.

దూరం సంగతీ ఉంది. ఫ్రోండ్ రోజుల్లో, 1651లో, పారిస్ జనం రాజభవనంలోకి చొరబడి పిల్లరాజు పడకలో ఉన్నాడో లేడో చూసి వెళ్లారు. వెర్సాయ్ పారిస్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉండటానికి అదీ ఒక కారణమంటారు. కానీ గుంపును 20 కిలోమీటర్లు ఆపలేవు, వార్తను మాత్రం ఆలస్యం చేస్తాయి. 1789 అక్టోబర్ 5న ఆడవాళ్లు వానలో నడిచి వచ్చారు, మర్నాడు తెల్లవారేసరికి రాణి గది దాకా చేరారు. అందరికీ తెరిచి ఉంచిన ప్యాలెస్‌కి కాపలా కాయడం కష్టం. అదే రోజు రాజకుటుంబాన్ని పారిస్‌కి తీసుకెళ్లారు.

భవనమొక్కటే సరిపోదనడానికి ఇంకో సాక్ష్యం బవేరియాలో ఉంది. అక్కడి రాజు రెండో లుడ్విగ్ 1878 నుంచి హెరెన్‌కీమ్‌జీ దీవిలో వెర్సాయ్‌ని నకలు దించాడు. అద్దాల హాలుతో సహా. అందులో ఆయన ఉన్నది 1885లో సుమారు పది రోజులే. దర్బారు లేదు, అర్జీలు లేవు, లెవేకి వచ్చే మనిషి లేడు. మరుసటి ఏడాది మంత్రులు ఆయన్నే దించేశారు.

చిట్టాపుస్తకం:

ఒక్క సవరణ, ఎవరూ తప్పు చెప్పలేదు గానీ ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ వచ్చేదే. ప్యాలెస్ నట్టనడుమ, సూర్యోదయం వైపు రాజు పడకగది ఉండేలా మొదటి నుంచే గీసి కట్టారని చెబుతుంటారు. కాదు. పడకగది మధ్యలోకి వచ్చింది 1701లో, రాజుకు అరవై రెండేళ్ల వయసులో. అంతకు ముందు ఆ మధ్య గది రాజు బట్టలు వేసుకునే హాలు, పడక పక్క గదిలో ఉండేది. దాంతోపాటే రెండు గదులు కలిపి ఎద్దుకన్ను అనే వెయిటింగ్ హాలు చేశారు, పైన గుండ్రటి కిటికీ ఉంటుంది కాబట్టి ఆ పేరు. పొద్దున లెవే కోసం జనం నిలబడింది అక్కడే. వెళ్లి చూసేవాళ్లు అద్దాల హాలు నుంచి తిన్నగా పడకగదిలోకి వెళ్లిపోకుండా, ముందు ఆ గదిలో కాసేపు ఆగి, పడకగది తలుపు వైపు తిరిగి చూడండి.